వచ్చేవాళ్ల కట్టెలు

ఓమియో
20 ఏప్రిల్ 1979

వెరా అక్కకు,

క్లెమ్ రాస్తున్నాను. ఒళ్లు బాగుంది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి.

జనవరి నుంచీ నీది ఒకటే పోరు. ఎల్సీ పోయి రెండేళ్లయింది, పెళ్లాం లేని ఇంట్లో గోడలతో మాట్లాడుతూ ఎంతకాలం కూర్చుంటావు, ఒక్క రోజైనా కొండమీదికి పో అని. మొన్న బుధవారం పోయాను. అది చెబుదామనే ఈ ఉత్తరం. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. నవ్వకు.

పొద్దు పొడిచేసరికి గేటు దగ్గర ట్రక్కు ఆపాను. అక్కణ్ణుంచి నడక. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద గట్టిపడి, అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. వాన తడికి నీలగిరి చెట్ల బెరడు ఎర్రగా, పచ్చగా చారలు తేలి ఉంది. రెండున్నర గంటల నడకలో ఒక్క మనిషి కనపడలేదు. ఒక ముళ్లపంది కనిపించింది. నన్ను చూసి ముడుచుకుంది. నేనూ అలాంటివాణ్ణేనని దానికి తెలియదు.

నాన్న గుడిసె అలాగే ఉంది, ఇప్పుడు కొండెక్కే వాళ్లందరిదీ అయినా. కప్పు రేకు ఒక మూల లేచింది, రాయి పెట్టాను. ముందు వచ్చినవాళ్లెవరో పొయ్యి చక్కగా పేర్చి పోయారు. అడుగున బెరడు, పైన పుల్లలు, వాటి మీద రెండు మొద్దులు. గోడ వారన నడుమెత్తు కట్టెలు. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంది. డబ్బాలో టీ కాచుకున్నాను. చల్లటి మటన్, రొట్టె తిన్నాను. మిడతను గాలానికి గుచ్చి వాగులో వేస్తే రెండు ట్రౌట్ చేపలు పడ్డాయి. వెన్నలో వేయించాను. నాన్న బల్ల మీద పెట్టుకుని, ముళ్లు కూడా చీకాను.

తరువాత గడ్డిలో, ఎండలో, టోపీ మొహం మీద పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టింది అక్కా. కల లేదు, ఉలికిపాటు లేదు. రెండేళ్లలో అలా నిద్రపోలేదు.

లేచేసరికి చలి. మళ్లీ పెద్ద మంట వేశాను. బూట్లు విప్పి కాళ్లు పొయ్యి వైపు చాపి కూర్చున్నాను. ఏమీ చెయ్యలేదు. పాట కూడా పాడాను. ఎవరూ లేరు కాబట్టి. మంట తగ్గితే కట్టె వెయ్యడం, మళ్లీ చూస్తూ కూర్చోవడం. పొద్దు వాలినప్పుడు దిగి వచ్చేశాను.

వచ్చినవాళ్లంతా పేరు రాసే గుడిసె పుస్తకంలో నేను పేరు రాయలేదు. సొంత ఇంట్లో ఎవరైనా పేరు రాసుకుంటారా.

నువ్వు పొమ్మన్నావు కాబట్టి నీకు చెప్పుకోవాలనిపించింది.

నీ తమ్ముడు
క్లెమ్


జీలాంగ్
27 ఏప్రిల్ 1979

ఒరేయ్ క్లెమ్,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ మధ్యాహ్నమంతా కళ్లజోడు తుడుచుకోవడమే సరిపోయింది. పక్కింటి గ్లాడిస్ వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, మా తమ్ముడు పాట పాడాడు అన్నాను. దానికి అర్థం కాలేదు. చిన్నప్పుడు చర్చిలో కూడా పెదవులు కదిపి ఊరుకునేవాడివని దానికేం తెలుసు.

నా మోకాళ్లు బాగాలేవు. మెట్లు దిగేటప్పుడు పాత తలుపుల్లా కిర్రుమంటున్నాయి. డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఆయన పొట్ట చూస్తే ఆ మాట అనే హక్కు లేదనిపించింది. సముద్రం మీది గాలికి నా కొత్త గులాబీలు కూడా మాడిపోయాయి.

నీ రోజు నాకు కళ్లకు కట్టింది. ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రెండు మంటలు చెప్పావు, రెండు చేపలు చెప్పావు, బూట్లు విప్పడం కూడా చెప్పావు. వచ్చేటప్పుడు కట్టెలు కొట్టి పెట్టావా, లేదా. నాన్న ఉంటే ఇదే అడిగేవాడు. పోయేవాడు వచ్చేవాడికి పొయ్యి పేర్చి పోవాలి, వచ్చేవాడికి అగ్గిపుల్ల గియ్యడం ఒక్కటే మిగలాలి అనేవాడు కదా. ఒకసారి నువ్వు మర్చిపోతే, సగం దారి దిగినవాణ్ణి మళ్లీ పైకి నడిపించాడు. నీకప్పుడు ఎనిమిదేళ్లు. దారంతా ముక్కు చీదావు.

నిన్ను అడగక్కర్లేదని తెలుసు. నాన్న లేడు కాబట్టి ఆయన బదులు అడిగాను.

మళ్లీ పో. ప్రతి నెలా పో.

అక్క
వెరా


ఓమియో
3 మే 1979

వెరా అక్కకు,

ఉత్తరం అందింది. మోకాళ్లకు గొర్రె కొవ్వు రాసి చూడు.

చలికాలానికి ఇంకా నెల ఉండగానే ఇక్కడ మంచు పడింది. పోయిన వారం బుధవారం మధ్యాహ్నం మొదలై గురువారం రాత్రిదాకా ఆగలేదు. ఏప్రిల్‌లో ఇంత మంచు నాకు గుర్తు లేదు. నా టమాటాలు పోయాయి.

మన గుడిసెలో ఒక మనిషి చిక్కుకుంది. ఇక్కడి బడిలో టీచరు, మిస్ డ్రిస్కల్. యుద్ధవీరుల దినం సెలవని ఒక్కతే నడకకు పోయిందట. మంచులో దారి తప్పి ఎలాగో గుడిసె చేరింది. రెండు రాత్రులు అక్కడే ఉంది. అడవి శాఖ వాళ్లు గుర్రాల మీద పోయి తెచ్చారు. ఎడమ కాలి వేళ్లు రెండు తీసేశారు. ఇంకా ఆస్పత్రిలో ఉంది.

నాన్న బల్ల కాల్చేసిందట. బెంచీలు కూడా.

కట్టెల సంగతి అడిగావు. పెట్టాను. ఎప్పటిలాగే.

కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

క్లెమ్


జీలాంగ్
8 మే 1979

క్లెమ్,

ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. మోకాళ్లు కూడా గుర్తు రాలేదు.

నాన్న బల్ల. ఆ చెక్క కోసం ఆయన మూడు రోజులు తిరిగాడు. సామాన్ల గుర్రం మీద కట్టి తెస్తే ఆ ముసలి గుర్రం వాగు దగ్గర మొండికేసింది. వేసవిలో పశువుల వెంట పైకి పోయినప్పుడు నేను లెక్కలు నేర్చుకున్నది ఆ బల్ల మీద. తొమ్మిదో ఏట దాని అడుగున నా పేరులో మొదటి అక్షరం చెక్కితే నాన్న చెవి మెలిపెట్టాడు. మెలిపెట్టి, వంకరగా చెక్కావని చాకు తీసుకుని తనే సరిచేశాడు. అది ఉన్నట్టు నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు బూడిద.

చలికి చచ్చే మనిషి బల్ల కాల్చుకుంటే నేనేమీ అనను. నాన్నా అనడు. కానీ నువ్వు కట్టెలు పెట్టి వచ్చావు. పొయ్యి పేర్చి ఉంది, గోడకు కట్టెలున్నాయి. అవి ఉండగా బల్ల మీద చెయ్యి వేసిందంటే ఆమెకు చదువు ఉందేమో గానీ బుద్ధి లేదు. కట్టెలు గోడవారన చూడక, చేతికి అందింది పొయ్యిలో పెట్టి ఉంటుంది. పైగా గుడిసెలో ఒక్క పుల్ల కూడా లేదని బెయిర్న్స్‌డేల్ ఆస్పత్రిలో చెప్పిందని గ్లాడిస్ అల్లుడు అక్కడ విని వచ్చాడు. అంటే నా తమ్ముణ్ణి దొంగ చేస్తుందన్నమాట.

ఊరుకోలేదు. కొండ గుడిసెల సంఘం సెక్రటరీ నార్మ్ పేస్లీకి రాశాను. మీ జిల్లా పేపరుకి కూడా రాశాను. ఏప్రిల్ పద్దెనిమిదిన నా తమ్ముడు క్లెమ్ ట్రాంటర్ అక్కడ ఉన్నాడు, నాన్న నేర్పినట్టు పొయ్యి పేర్చి వచ్చాడు, అతను అబద్ధమాడే మనిషి కాడు అని రాశాను. నీ పేరు గర్వంగా రాశాను.

నోట్లో నాలుక లేనివాడివి, నీ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలిగా.

వెరా


ఓమియో
12 మే 1979

అక్కా,

పేపరుకి రాసింది వెనక్కి తీసుకోవడానికి వీలవుతుందా. వీలైతే తీసుకో.

పాత బల్ల. పురుగు కూడా పట్టింది. పోనీలే.

ఆ టీచరు మంచిదే అంటారు. ఆమెను ఏమీ అనొద్దు.

నా పేరు పేపర్లో వద్దు.

క్లెమ్


జీలాంగ్
19 మే 1979

ఒరేయ్ పిచ్చోడా,

ఇదే నీతో వచ్చిన చిక్కు. పొరుగింటి రాన్ నీ జీను తీసుకుపోతే పోనీలే అన్నావు. రోడ్డు పనిలో నీ తరువాత చేరినవాణ్ణి మేస్త్రీ చేస్తే పోనీలే అన్నావు. బల్లకు పురుగు పట్టిందట. ఆ చెక్కకు పురుగు పడుతుందా. ఆమె మీద జాలితో నాకే అబద్ధం చెబుతున్నావు. నీ మంచితనం నాకు తెలియదనుకున్నావా.

ఆలస్యమైంది. పోయిన వారం శుక్రవారమే అచ్చయింది. కత్తిరించి పంపుతున్నాను, దాచుకో. నార్మ్ మర్యాదగా జవాబు రాశాడు. జూన్ పదహారు శనివారం హాల్లో సంఘం సమావేశం ఉందట, అక్కడ నా ఉత్తరం చదువుతాడట. ఆ టీచర్ని కూడా పిలిచారట, ఇంటికి వచ్చేసిందట, కర్ర సాయంతో నడుస్తోందట. ఆమె అబద్ధం చెబుతోందని ఊళ్లో అందరూ అంటున్నారని రాశాడు. పిల్లల తల్లులు కూడా గుసగుసలాడుతున్నారట. అబద్ధాలు చెప్పే మనిషి పిల్లలకు ఏం నేర్పుతుంది అని. కొంచెం ఎక్కువే అన్నారనిపించింది గానీ, ఆ సంగతి ఆమె ముందే ఆలోచించుకోవాల్సింది.

నేనూ వస్తున్నాను. పదిహేనున బస్సెక్కుతాను. మోకాళ్లకు కట్టు కట్టుకుని వస్తాను. నీ పక్కన నిలబడతాను. నువ్వు నోరు విప్పక్కర్లేదు.

పక్క మీద ఇంకో దుప్పటి వేసి ఉంచు.

అక్క


ఓమియో
28 మే 1979

వెరా అక్కకు,

ఇది నాలుగోసారి రాయడం. మూడు చించేశాను.

బస్సెక్కకు.

నేను కట్టెలు పెట్టలేదు. ఒక్క పుల్ల కూడా పెట్టలేదు. ఆ టీచరు చెప్పింది నిజం.

ఉన్నవన్నీ నేనే కాల్చాను. టీ కోసం కొన్ని, చేపల కోసం కొన్ని. మిగతావన్నీ ఊరికే, మంట చూస్తూ కూర్చోవడానికి. పొద్దు వాలినప్పుడు చూస్తే గోడవారన బెరడు ముక్కలు తప్ప ఏమీ లేవు. గొడ్డలి తలుపు వెనక మేకుకే ఉంది. తీశాను కూడా. బొటనవేలుతో పదును చూశాను. బాగుంది. బయట ఎండు కొమ్మలున్నాయి. అరగంట పని.

కానీ ఒళ్లంతా వెచ్చగా ఉంది అక్కా. చెమట పట్టేలా పనిచేస్తే ఆ రోజు చెడిపోతుందనిపించింది. వారం మధ్యలో ఎవరొస్తారులే అనుకున్నాను. వచ్చే నెల వచ్చి పెడదాం అనుకున్నాను. గొడ్డలి మేకుకు తగిలించి వచ్చేశాను. అంతే. వేరే కారణం లేదు. కాలు బెణికిందనో, చీకటి పడిందనో కారణం ఉంటే బాగుండేది.

నీ ఉత్తరం నాకు అందేసరికి ఆమెను కిందికి తెచ్చి వారం కావస్తోంది. అంతా తెలిసే రాశాను, పెట్టాను అని. నువ్వడిగితే నాన్న అడిగినట్టే అనిపించింది. ఎనిమిదేళ్లప్పటి భయమే వచ్చింది. అరవై ఆరేళ్లవాణ్ణి.

నీ ఉత్తరం అచ్చయినప్పటి నుంచి జనం నన్ను ఆపి పలకరిస్తున్నారు. దుకాణంలో బెరిల్ డబ్బులు తీసుకోకుండా ఒక పొగాకు పొట్లం చేతిలో పెట్టింది. బారులో ఎవరో బీరు ఇప్పించారు. పిల్లల చేత బల్లలు తుడిపించే టీచరమ్మ ఏకంగా బల్లే కాల్చేసిందని ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బీరు వదల్లేదు. తాగాను. అది కూడా నీకు చెప్పాలి.

పొగాకు అలాగే ఉంది. కాల్చలేదు.

క్లెమ్


జీలాంగ్
2 జూన్ 1979

క్లెమ్,

నేను రావడం లేదు.

నీ ఉత్తరం గ్లాడిస్ ముందు విప్పాను. చదివి వినిపించమంది, నీ ఉత్తరాలంటే దానికీ ఇష్టమయ్యాయి. ఏమీ లేదు, కోళ్ల సంగతి అన్నాను. చూశావా, ఇప్పుడు నేనూ అబద్ధం ఆడాను.

పేపరుకి మళ్లీ రాశాను, నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని. నార్మ్‌కి కూడా రాశాను, కానీ నా మొదటి ఉత్తరం చదవొద్దని మాత్రమే. ఎందుకన్నది ఇద్దరికీ రాయలేదు. అది నువ్వు చెప్పాల్సింది. నీ బదులు నేను మాట్లాడటం ఇంకెప్పుడూ ఉండదు.

కట్టెలు పెట్టనందుకు నాకు కోపం లేదు. మనిషన్నాక బద్ధకం ఉంటుంది. కాలి వేళ్లు కోల్పోయిన మనిషిని నా చేత అబద్ధాలకోరు అనిపించావు. అరవై తొమ్మిదేళ్లు బతికి నేను పేపర్లో వేసుకున్నది ఒకే ఒక్క ఉత్తరం. అది ఇది.

నాన్న నిన్ను సగం దారి నుంచి పైకి నడిపించాడు. ఇప్పుడు నడిపించేవాళ్లు లేరు. నువ్వే నడవాలి.

అది అయ్యేదాకా నాకు రాయకు.

వెరా


ఓమియో
19 జూన్ 1979

వెరా అక్కకు,

అయింది. అందుకని రాస్తున్నాను.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ఆమె ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చుంది, పక్కన కర్ర. ఆమె పక్క రెండు కుర్చీలూ ఖాళీ. నేను వెనకాల టీ బల్ల దగ్గర కూర్చున్నాను. నార్మ్ కప్పుల రేకుల గురించి, ఎలుకల గురించి చాలాసేపు మాట్లాడాడు. తరువాత కాల్చిన బల్ల సంగతి అన్నాడు. నేను లేచాను.

కుర్చీ కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు. నేను టీ కోసం లేచాననుకున్నాడు నార్మ్.

"టీ ఇంకా కాగలేదు క్లెమ్, కూర్చో" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను అక్కా. నవ్వి కూర్చుంటే సరిపోయేది. టీ బల్ల అంచు పట్టుకున్నాను.

"కట్టెలు నేను పెట్టలేదు" అన్నాను.

గట్టిగానే అన్నాననుకుంటాను. నవ్వు ఆగింది. నార్మ్ మంచివాడు. నాకు దారి చూపిద్దామనుకున్నాడు.

"తక్కువ పెట్టావేమో. తడిసినవి పెట్టావేమో" అన్నాడు.

"ఒక్క పుల్ల కూడా పెట్టలేదు. పెట్టానని మా అక్కకు అబద్ధం రాశాను. ఆమె నన్ను నమ్మింది. టీచరమ్మ చెప్పిందే నిజం."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి కర్ర తీసుకుని లేచి బయటికి పోయింది. చప్పుడు నేల చెక్కల మీద తలుపుదాకా వినిపించింది. అందరం అది వింటూ ఉన్నాం. తరువాత ఒకడు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఎవరికైనా జరిగేదేలే అన్నాడు. బారులో బల్ల మాట అని నవ్వించింది అతనే. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు ట్రక్కు నిండా కట్టెలు వేసుకుని ఆమె ఇంటికి పోయాను. బాగా ఎండినవి, కొలిచి కోసినవి. తలుపు తీసి ట్రక్కు వైపు చూసింది. నాకు గ్యాసు పొయ్యి ఉందండీ అంది. అప్పుడు చూశాను, ఆ ఇంటికి పొగగొట్టమే లేదు. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. టోపీ చేతిలో పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాను. తప్పయింది అన్నాను.

తరువాత ఆమె చెప్పింది. రెండో రోజు బల్ల కాళ్లు గొడ్డలితో విరగ్గొడుతూ నా గురించి ఆలోచించిందట. నేనని తెలియదు, ముందు వచ్చిన మనిషి అని.

"ఇన్ని కట్టెలూ కాల్చుకున్నాడంటే పాపం ఎంత కష్టంలో ఉన్నాడో అనుకున్నాను. దెబ్బ తగిలిందో, జ్వరంతో పడి ఉన్నాడో అని. అతను క్షేమంగా కిందికి దిగాడో లేదో అని ఆస్పత్రిలో మొదట అదే అడిగాను."

నేను టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాను.

"ఇంతకీ ఆ రోజు అక్కడ ఏం చేశారు ట్రాంటర్ గారూ?" అంది.

"ఏమీ చెయ్యలేదు. చేపలు తిన్నాను. నిద్రపోయాను."

"బాగుందా?"

బాగాలేదని చెప్పాలనిపించింది. చెబితే ఆమెకూ బాగుండేదేమో. కానీ ఇంకో అబద్ధం నా వల్ల కాలేదు.

"బాగుంది. రెండేళ్లలో అంత మంచి రోజు లేదు" అన్నాను.

ఆమె తల ఊపి తలుపు వేసింది. గట్టిగా వెయ్యలేదు. మెల్లగా వేసింది.

కట్టెలు మళ్లీ ఇంటికి తెచ్చాను. అవి కాల్చడం లేదు. చలిగానే ఉంది.

క్లెమ్


జీలాంగ్
6 సెప్టెంబర్ 1979

క్లెమ్,

జూన్ నుంచి రాయలేదు. రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. కోపం కాదు, అది ఎప్పుడో పోయింది. సిగ్గు. నాది నాకుంది.

మిస్ డ్రిస్కల్‌కి రాశాను, క్షమించమని. జవాబు రాసింది. ఎంత మర్యాదగా రాసిందో. మా నాన్న బల్ల గురించి అడిగింది, ఏ చెక్క, ఎవరు చేశారు అని. అడుగున ఒక అక్షరం చెక్కి ఉందట, పొయ్యిలో పెట్టేటప్పుడు చూసిందట, ఆ చెక్క మాత్రం చివరిదాకా కాల్చకుండా ఉంచిందట. చివరికి అదీ వెయ్యక తప్పలేదట. ఆ అక్షరం ఎవరిదో అని అడిగింది. నాదేనని రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి రెండు రోజులు పట్టింది నాకు.

గ్లాడిస్‌కి కూడా చెప్పేశాను. కేకు తెచ్చింది.

నార్మ్ రాశాడు, కొట్టంలో నువ్వు ఏదో రంపంతో కోస్తున్నావని, ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదని. బల్లే అయితే పైన్ చెక్క వాడకు. పైన్ నిలవదు.

మంచు కరిగి కొండ దారి తెరిచాక రాయి. చలిలో కూర్చోకు, పొయ్యి వెలిగించుకో. నీకు చలి పెడితే ఆమె వేళ్లు తిరిగి రావు.

అక్క
వెరా


ఓమియో
12 నవంబర్ 1979

వెరా అక్కకు,

క్లెమ్ రాస్తున్నాను. మోకాళ్లు ఎలా ఉన్నాయి.

పైన్ కాదు. నాన్న వాడిన చెక్కే. మిల్లు వాళ్ల దగ్గర ఒక పాత పలక దొరికింది. నాలుగు నెలలు పట్టింది. నాన్నకు పది రోజులు పట్టిందని గుర్తు. బెంచీలు రెండూ చేశాను.

దారి అక్టోబర్ ఆఖరున తెరిచారు. పైకి పోతున్నానని టీచరమ్మకు చెప్పి పోదామని ఆమె ఇంటికి పోయాను. చెప్పకుండా పోవడం బాగుండదనిపించింది. ఆమె లోపలికి పోయి ఒక అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది, గుడిసె డబ్బాలో పెట్టమని. ఉన్నదాంట్లో చివరి పుల్ల తను గీసేసిందట. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది, కొంచెం పక్కకు ఒరిగి. మళ్లీ కొండ ఎక్కుతారా అని అడగడానికి నోరు రాలేదు.

నార్మ్ గుర్రం ఇచ్చాడు. తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. పలకను నాన్న కట్టినట్టే కట్టాను. వాగు దగ్గర ఈ గుర్రం కూడా మొండికేసింది. నవ్వొచ్చింది. నీకు చెప్పాలనుకున్నాను.

మంచి రోజు. ఎండ కాసింది. గడ్డిలో పసుపు పూలు. ఆ రోజు పడుకున్న చోటు కనిపించింది. పడుకోలేదు.

ముందు బల్ల బిగించాను. అడుగున నీ అక్షరం చెక్కాను. వంకరగానే వచ్చింది. సరిచెయ్యలేదు, నువ్వు తొమ్మిదేళ్లప్పుడు చెక్కినట్టే ఉండనిచ్చాను. తరువాత మూడింటిదాకా కట్టెలు కొట్టాను. నడుమెత్తు పేర్చాను, ఇంకో వరస కూడా పేర్చాను. పొయ్యిలో బెరడు, పుల్లలు, రెండు మొద్దులు. అగ్గిపెట్టె డబ్బాలో పెట్టి మూత బిగించాను.

వెలిగించుకోమన్నావు. ఇంట్లో వెలిగించుకుంటున్నాను, నీ మాట విన్నాను. అక్కడ మాత్రం వెలిగించలేదు. ఇంటి నుంచి తెచ్చిన చల్లటి టీ తాగాను.

దిగేముందు పుస్తకం తీశాను. ఏప్రిల్ పేజీ చూశాను. పదిహేనో తారీఖున ఎవరో భార్యాభర్తలు, కట్టెలు పెట్టాం అని రాసి ఉంది. వాళ్లవే నేను కాల్చింది. దాని కింద ఒక వేలెడు ఖాళీ. దాని కింద పెన్సిలుతో, వంకర టింకరగా, చేతులు కొంకర్లు పోతూ రాసినట్టుంది:

ఏప్రిల్ 26. ఐలీన్ డ్రిస్కల్. బల్ల కాల్చాను. దీని సొంతదారులు నన్ను క్షమించాలి.

ఆ వేలెడు ఖాళీలో పట్టేలా చిన్న అక్షరాలతో రాశాను:

ఏప్రిల్ 18. క్లెమ్ ట్రాంటర్. రోజు చాలా బాగుంది. కట్టెలు పెట్టలేదు.

తమ్ముడు
క్లెమ్